ఐటీఐలకు కొత్త యంత్రాలతో పాటు చెడిపోయినవీ ఇవ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024 జూన్‌లో మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన జరిగింది. టాటా టెక్నాలజీస్‌తో కలిసి రూ.2,324 కోట్లతో ప్రభుత్వం చేపట్టిన కార్యక్రమం ఇది. రోబోలు, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్లు, ఎలక్ట్రిక్ వాహనాల పరికరాలు మన పిల్లల చేతికి అందుతున్నాయంటే నాకు ఎంతో సంతోషంగా ఉంది. అరిగిపోయిన లేత్ మెషిన్లతో, బోర్డు మీద గీసిన బొమ్మలతో బ్యాచ్‌లకు బ్యాచ్‌లు నెట్టుకొచ్చిన చోట ఇది నిజంగా పెద్ద మార్పు. అయితే మెషిన్‌ను నడపడం ఒక్కటే నేర్పితే చాలదు. అది ఆగిపోయినప్పుడు ఎందుకు ఆగిందో కనిపెట్టడం కూడా నేర్పాలి. మన ఐటీఐ, పాలిటెక్నిక్ చదువుల్లో దానికి ఇప్పటికీ చోటు చాలా తక్కువ. నేను హుజూర్‌నగర్ ప్రాంతంలోని ఒక సిమెంట్ ఫ్యాక్టరీ మెయింటెనెన్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. సర్టిఫికెట్ పట్టుకుని కొత్తగా చేరిన కుర్రాళ్లను ఎంతోమందిని దగ్గర నుంచి చూశాను కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మెయింటెనెన్స్ అంటే గ్రీజు పెట్టడం, బోల్టులు బిగించడం అనుకునేవాళ్లే ఎక్కువ. ఫ్యాక్టరీల్లో తరచూ జరిగే ఒక సంగతి చెబుతాను. సున్నపురాయిని ఎత్తుకు మోసే బెల్ట్ కన్వేయర్ మోటారు పదే పదే ట్రిప్ అవుతుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి క్లాంప్ మీటర్‌తో చూస్తాడు, కరెంటు ఎక్కువే లాగుతోంది. ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ పెట్టి చూస్తాడు, వైండింగ్ బాగానే ఉంది. మా వైపు తేడా లేదు, మెకానికల్ వాళ్లను పిలవండి అంటాడు. ఫిట్టర్ వచ్చి చూస్తే రోలర్లు తిరుగుతున్నాయి, గేర్‌బాక్స్‌లో ఆయిల్ ఉంది. ఇది కరెంటు వాళ్ల పనే అంటాడు. పైనుంచి ఫోన్లు, షిఫ్ట్ ఇన్‌చార్జికి టెన్షన్. చివరికి ఎవరో ఒకరు, భారం ఎక్కువైతే మోటారును ఆపేసే ఓవర్‌లోడ్ రిలే సెట్టింగ్ కాస్త పెంచి నడిపించేస్తారు. మోటారు కాలిపోయాక కానీ అసలు విషయం బయటపడదు. బ్రేకును ఎత్తి విడిపించే థ్రస్టర్‌లో ఆయిల్ తగ్గింది, దాంతో బ్రేక్ పూర్తిగా విడవడం లేదు. బ్రేక్ షూ డ్రమ్మును పట్టుకునే ఉంది, మోటారు దాన్ని ఈడ్చుకుంటూ తిరిగింది. ఆ డ్రమ్ము ఎంత వేడెక్కిందో మొదట్లోనే ఒకరు గమనించి ఉంటే మోటారు దక్కేది.

దీన్ని ఒక్కరి అజాగ్రత్త అని తోసేయలేం. థ్రస్టర్ బ్రేక్‌లో కరెంటు ఉంది, ఆయిల్ ఉంది, స్ప్రింగు ఉంది. సగం ఒకరి సిలబస్‌లో, సగం ఇంకొకరి సిలబస్‌లో పడింది. ఎలక్ట్రీషియన్ రెండేళ్ల ట్రేడ్, ఫిట్టర్ రెండేళ్ల ట్రేడ్. పక్కపక్క షెడ్లలోనే ఉన్నా ఒకరి షెడ్డులోకి ఇంకొకరు అడుగు పెట్టరు. ఫ్యాక్టరీలోకి వెళ్తే ఆ గోడ ఉండదు. ఇప్పటి ప్యాకింగ్ మెషిన్‌నే తీసుకోండి. మోటారును దాని వేగం మార్చే వీఎఫ్‌డీ నడుపుతుంది, ఎప్పుడు తిరగాలో పీఎల్‌సీ అనే చిన్న కంప్యూటర్ చెబుతుంది, సంచి వచ్చిందో లేదో సెన్సర్ చూస్తుంది, గాలి సిలిండర్ దాన్ని తోస్తుంది. ఆ సిలిండర్ కదలకపోతే కారణం 24 వోల్టుల తీగ తెగడం కావచ్చు, సోలెనాయిడ్ వాల్వ్‌లోకి తేమ చేరడం కావచ్చు, సీలు అరగడం కావచ్చు. అన్నీ కొంత కొంత తెలిసినవాడే దాన్ని పట్టుకోగలడు. ఈ విద్యలను కలిపి నేర్పడానికి మెకట్రానిక్స్ ట్రేడ్ లేకపోలేదు. మన జిల్లాల ఐటీఐల్లో ఎన్ని చోట్ల దొరుకుతుందన్నదే ప్రశ్న. జర్మనీ 1998లోనే మెకట్రానిక్స్‌ను మూడున్నరేళ్ల వృత్తి శిక్షణగా గుర్తించింది. అక్కడ విద్యార్థి కొన్నాళ్లు బడిలో, కొన్నాళ్లు కంపెనీలో ఉండి నేర్చుకుంటాడు.

మన ప్రాక్టికల్ పరీక్షలు చూడండి. మోటారును మొదట తక్కువ వోల్టేజీతో (స్టార్) మొదలుపెట్టి, తర్వాత పూర్తి వోల్టేజీకి (డెల్టా) మార్చే స్టార్-డెల్టా స్టార్టర్ కనెక్షన్ ఇవ్వమంటారు. విద్యార్థి డయాగ్రమ్ బట్టీపట్టి ఇస్తాడు, మోటారు తిరుగుతుంది, మార్కులు పడతాయి. స్టార్‌లో తిరుగుతున్న మోటారు డెల్టాకు మారడం లేదు, లోపం ఎక్కడ ఉందో చెప్పు అని స్టార్టర్ చేతికిస్తే ఏం చేస్తాడు? టైమర్ చూడాలా, కాంటాక్టర్ కాయిల్ చూడాలా, ఇంటర్‌లాక్ కాంటాక్టు చూడాలా, ఏది ముందు చూడాలి? ఫ్యాక్టరీలో మొదటి రోజు నుంచి ఎదురయ్యేది ఈ ప్రశ్నే. రోగిని చూపించకుండా డాక్టరును తయారు చేయలేం కదా. చెడిపోయిన మెషిన్ ముట్టుకోకుండా మెయింటెనెన్స్ టెక్నీషియన్‌నూ తయారు చేయలేం.

అందుకే నా సూచన ఇది. ఆర్టీసీ, జెన్‌కో, సింగరేణి, డిస్కంలు, మున్సిపల్ వాటర్‌వర్క్స్ పాతబడిన మోటార్లు, పంపులు, గేర్‌బాక్సులు, ప్యానెల్ బోర్డులను తీసేస్తుంటాయి. ప్రభుత్వ సంస్థల తుక్కు చాలావరకు ఎంఎస్‌టీసీ లాంటి వేదికల మీద ఆన్‌లైన్ వేలానికి వెళ్తుంది, అక్కడి నుంచి కరిగించడానికి వెళ్తుంది. వేలానికి ముందే అందులోంచి ఏటా కొంత ఏరి దగ్గరలోని ఐటీఐకీ, పాలిటెక్నిక్‌కూ ఉచితంగా ఇవ్వాలి. తుక్కు కింద వచ్చే డబ్బుతో పోలిస్తే ఆ పిల్లలకు కలిగే లాభం ఎన్నో రెట్లు ఎక్కువ. విప్పడానికి భయపడాల్సిన పని లేదు, పాడైతే అడిగేవాళ్లు లేరు. కోట్లు పెట్టి కొన్న రోబోను విప్పమని ఏ ప్రిన్సిపాల్ చెబుతారు? పాత పంపునైతే ఒక బ్యాచ్ విప్పి బేరింగ్ మార్చి అలైన్‌మెంట్ చేసి నడిపిస్తుంది, తర్వాతి బ్యాచ్ కోసం మాస్టారే అందులో ఒక తప్పు పెడతారు. పరీక్షలో కూడా కనీసం సగం మార్కులు ఇలాంటి లోపం కనిపెట్టే ప్రశ్నలకే ఉండాలి.

మాస్టార్లు ఏరీ అని అడుగుతారు. నిజమే, శిక్షకుల ఖాళీలు నింపడం మొదట జరగాలి, దాన్ని ఇంకెంతకాలమో వాయిదా వేయడం తగదు. దాంతోపాటు రామగుండం, కొత్తగూడెం, పటాన్‌చెరు, విశాఖ, తాడిపత్రి లాంటి ఊళ్లలో నాలాంటి రిటైరైన ఫోర్‌మన్లు, ఛార్జ్‌హ్యాండ్లు ఎంతోమంది ఉన్నారు. డిగ్రీ లేదని పక్కన పెట్టకుండా వారానికి రెండు రోజులు పిలిచి గౌరవవేతనం ఇస్తే సంతోషంగా వస్తారు. సిమెంట్ సరుకును కాల్చే తిరుగుడు కొలిమి, అంటే కిల్న్, వేడిగా ఉండగా ఆగిపోతే దాని షెల్ ఒంగిపోకుండా సహాయక డ్రైవ్‌తో దాన్ని మెల్లగా తిప్పుతూ ఉండాలని పుస్తకంలో రాసి ఉండొచ్చు. అర్ధరాత్రి కరెంటు పోయినప్పుడు, లోపల సరుకు వెయ్యి డిగ్రీలు దాటి మండుతుండగా, ఆ పని చేసినవాడు చెప్పినట్టు పుస్తకం చెప్పజాలదు.

అప్రెంటిస్‌షిప్ సంగతీ చూడాలి. 1961 నాటి చట్టం ఉంది. 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలని నిబంధన కూడా ఉంది. కానీ తీసుకున్న పిల్లలను ప్యాకింగ్‌లోనో లోడింగ్‌లోనో నిలబెట్టి తక్కువ జీతపు కూలీలుగా వాడుకోవడం చాలా చోట్ల మామూలైపోయింది. ఏ రోజు ఏ మెషిన్ మీద ఏ లోపం చూశాడో విద్యార్థి రాసే లాగ్‌బుక్, దాని మీద సూపర్‌వైజర్ సంతకం తప్పనిసరి చేయాలి. అధికారులు ఆ పుస్తకం తెరిచి చదవాలి.

ఇదంతా ఉద్యోగాల కోసమేనా అంటే, ప్రాణాల కోసం కూడా. 2020 మే 7న విశాఖ ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ నిల్వ ట్యాంకు ఉష్ణోగ్రతను కొలిచే ఏర్పాటులోనూ, శీతలీకరణ వ్యవస్థ నిర్వహణలోనూ లోపాలను ఎత్తిచూపింది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఫార్మా కంపెనీలో ద్రావకం లీకై పేలుడు జరిగి 17 మంది పోయారు. యాజమాన్యాల బాధ్యత ఎక్కడికీ పోదు, చట్టం తన పని తాను చేయాలి. కానీ గేజ్ తప్పు చూపిస్తోందని, వాల్వ్ కారుతోందని ముందుగా పసిగట్టి మెషిన్ ఆపమని చెప్పగల మనిషి ప్రతి షిఫ్టులో ఉండాలి. ఆపమని చెప్పే ధైర్యం మెషిన్ బాగా తెలిసినప్పుడే వస్తుంది.

తల్లిదండ్రులకూ రెండు మాటలు. ఐటీఐ అంటే చదువు అబ్బనివాళ్లు పోయేదని ఇంకా చాలామంది అనుకుంటున్నారు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్, టెక్నీషియన్ ఉద్యోగాలకు, డిస్కంలలో జూనియర్ లైన్‌మన్‌కు, సింగరేణిలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ ట్రైనీలకు అడిగేది ఈ చదువే. ఫార్మా ఫ్యాక్టరీలు, శ్రీసిటీ పరిశ్రమలు, పెనుకొండ దగ్గరి కార్ల ఫ్యాక్టరీ, ఆసుపత్రులు, లిఫ్టులు, మెట్రో, అన్నిటికీ ఈ మనుషులే కావాలి. రెండేళ్ల ఐటీఐ తర్వాత తెలంగాణలో ఎల్‌పీసెట్‌తో పాలిటెక్నిక్ రెండో ఏడాదిలోకి, డిప్లొమా తర్వాత ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లే దారి తెరిచే ఉంది. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు హెల్పర్‌గా వెళ్లినవాడి బతుకుకూ, ట్రేడ్ సర్టిఫికెట్‌తో ఏసీ మెకానిక్‌గానో ఎలక్ట్రీషియన్‌గానో వెళ్లినవాడి బతుకుకూ ఎంత తేడా ఉంటుందో ఆ ఊళ్లవాళ్లనే అడగండి. ఆడపిల్లలను కూడా పంపండి. పీఎల్‌సీ ప్యానెల్ ముందు కండబలంతో పని లేదు.

మొదట్లో జీతం తక్కువే ఉంటుందని కూడా చెప్పాలి. మెయింటెనెన్స్‌ను కాంట్రాక్టర్లకు అప్పగించే అలవాటు పెరిగాక, పని తెలిసిన కుర్రాడికి కూడా ఏళ్ల తరబడి పర్మినెంట్ మాట లేదు. అనుభవమున్న టెక్నీషియన్‌కు నైపుణ్య కార్మికుడి వేతనం కచ్చితంగా అందేలా కార్మిక శాఖ తనిఖీ చేయకపోతే, ఎంత మంచి చదువు చెప్పినా వాళ్లు ఈ రంగంలో నిలవరు.

రెండు తెలుగు రాష్ట్రాల ఉపాధి, శిక్షణ శాఖల అధికారులు ఈ ఏడాది అడ్మిషన్లు పూర్తయ్యేలోపే జిల్లాకు ఒక ఐటీఐని ఎంచుకుని, పాత యంత్రాలతో ఒక షెడ్డు మొదలుపెట్టాలని కోరుతున్నాను. మా ప్రాంతంలో మొదలుపెడితే నేర్పడానికి నేను వస్తాను, నాతో పనిచేసిన ఇంకో నలుగురైదుగురిని తీసుకొస్తాను.

– మెయింటెనెన్స్ విభాగంలో పనిచేసి రిటైరైన ఒక పాఠకుడు,
హుజూర్‌నగర్, సూర్యాపేట జిల్లా