అంగడిని అంగడిగానే ఉంచండి

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల ఒక ఆదివారం మా మనవరాలితో గాంధీ భవన్ మెట్రో స్టేషన్‌లో దిగి మొజంజాహీ మార్కెట్‌కు నడిచాం. గడియారం గోపురాన్ని చూడగానే "ఇది కోటా తాతయ్యా?" అని అడిగింది. "కాదమ్మా, అంగడి" అన్నాను. లోపలికి వెళ్లాక ఆ మాట నమ్మించడం కష్టమైంది. పండ్లు, అత్తరు అమ్మే దుకాణాలు ఉన్నా, జనమంతా ఐస్‌క్రీమ్ దగ్గరే. సీతాఫలం ఐస్‌క్రీమ్ తింటూ, ఆ పండు ఇక్కడే కొంటారా అని అడిగింది పిల్ల.

ఏడో నిజాం హయాంలో, 1935లో ఆయన రెండో కుమారుడి పేరిట కట్టిన రాతి కట్టడం ఇది. ఏళ్ల తరబడి మసి పట్టి శిథిలమవుతుంటే చూసి బాధపడినవాళ్లలో నేనూ ఒకణ్ని. దాన్ని బాగుచేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. ఆ గుమ్మటాలు, కమానులు ఇప్పుడు చూస్తే మనసు నిండుతుంది. పనిచేసిన ప్రతి ఒక్కరికీ చేతులెత్తి మొక్కుతున్నాను.

టోకు పండ్ల వ్యాపారం ఎప్పుడో గడ్డిఅన్నారానికి, అక్కడి నుంచి బాటసింగారానికి తరలిపోయింది. పూల వ్యాపారం గుడిమల్కాపూర్ చేరింది. నగరం నడిబొడ్డున లారీలు తిరగలేవు కాబట్టి అది తప్పదు. కానీ చుట్టుపక్కల కాపురముండేవాళ్లు సంచి పట్టుకొని వచ్చి ఆకుకూరలు, కాయలు కొనుక్కోవడానికి లారీలు అక్కరలేదు కదా!

1999 నుంచి రైతు బజార్లు నడిపిన అనుభవం మనకు ఉంది. ఐస్‌క్రీమ్ సందడి ప్రధానంగా సాయంత్రాలదే. పొద్దున్నే ఆరు నుంచి పది దాకా ఆ నడిమి ఆవరణను రైతులకు, గంపల్లో తెచ్చి అమ్ముకునే మహిళలకు ఇవ్వాలి. తాగునీరు, మరుగుదొడ్డి, సరైన తూకం ఉంటే చాలు. అద్దె మాత్రం వారి రోజు సంపాదనను మింగేలా ఉండకూడదు.

పాతబస్తీలోని పాత అంగళ్లు ముర్గీ చౌక్, మీర్ ఆలం మండీ విషయంలోనూ ఇదే నా విన్నపం. రాయిని కాపాడేటప్పుడు అక్కడే తరతరాలుగా అమ్ముకుంటున్నవారికి తిరిగి చోటు ఇస్తామని ముందే రాసి ఇవ్వాలి. పని పూర్తయ్యాక చూద్దామంటే, ఈలోగా వాళ్లు ఏ రోడ్డు పక్కకో చెదిరిపోతారు.

మొజంజాహీ మార్కెట్‌లో దీనికి కొత్తగా కట్టవలసింది ఏమీ లేదు. మహబూబ్‌నగర్ సీతాఫలాలు నగరానికి వచ్చే కాలానికల్లా మొదలుపెట్టవచ్చు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హైదరాబాద్