తుమ్మి గింజలు పంపుతున్నాను

ఒరే సూరీ,

కార్తీక సోమవారం పూజకి అత్త తుమ్మిపూలు అడిగిందనీ, బెంగళూరులో ఎక్కడా దొరకలేదనీ ఫోన్‌లో అన్నావు కదా. ఆ రాత్రంతా అదే ఆలోచన.

పొద్దున్నే మా పొలం వైపు వెళ్లాను. ఒకప్పుడు గోగు వేసిన మెట్టల్లో ఇప్పుడంతా మొక్కజొన్న. గట్లకి కూడా గడ్డిమందు కొట్టేశారు. చిన్నప్పుడు మనం పువ్వు లాగి తేనె పీల్చిన గట్టు మీద ఒక్క మొక్క లేదురా. కడుపులో దేవినట్టయింది.

బండి తిప్పి రామతీర్థం వెళ్లిపోయాను. గురుభక్తుల కొండ ఎక్కుతుంటే, బౌద్ధుల నాటి ఇటుక గోడలకి ఇవతల కనబడింది. బండ పగులులో, గుప్పెడు మట్టి కూడా లేనిచోట, జానెడు మొక్క! పొలంలో అయితే మోకాలెత్తు పెరిగేది. పలకలు తేలిన కాడ, కణుపు కణుపుకీ గుండ్రటి బుడిపె, చుట్టూ తెల్లటి పూలు. పువ్వు పై పెదవి చిన్నది, నూగుతో ముడుచుకుని ఉంటుంది. కింది పెదవి వెడల్పుగా చాపినట్టుంటుంది, తేనెటీగ వాలేది దాని మీదే. ఇది తులసి కుటుంబమే. సంస్కృతంలో ద్రోణపుష్పి, అంటే దొప్పలాంటి పువ్వు.

కోసి పంపుదామనే వెళ్లాను గానీ, సాయంత్రానికే వాడిపోయే పువ్వు నీదాకా ఏం వస్తుంది? పైగా ఇది ఏడాది మొక్క. వానలకి మొలిచి, పూసి, ఎండలు ముదిరేసరికి ఎండిపోతుంది. మళ్లీ ఏటికి మిగిలేది గింజే, పువ్వుకి నాలుగు. మందుకనీ కూరకనీ వేళ్లతో పీకేసేవాళ్లని చూస్తే నాకు బాధ అందుకే. గింజ రాలకముందే పీకేస్తే అక్కడ వచ్చే ఏడు ఏం మొలుస్తుంది?

ఎండిన బుడిపెలు రెండు మూడు కాగితంలో దులిపాను. మిగతావి ముట్టుకోలేదు. ఈ ఉత్తరంలో ఉన్న పొట్లం అదే, జాగ్రత్తగా విప్పు. మృగశిర కార్తెలో, ఇసుక ఎక్కువ కలిపిన కుండీ మట్టి మీద చల్లు. లోతుగా పూడ్చకు. ఎండ బాగా తగలాలి, నీళ్లు నిలవకూడదు. ఎరువు అక్కర్లేదు.

పూశాక గట్టిగా లాగొద్దని అత్తకి చెప్పు. ముదిరిన పువ్వు ముట్టుకుంటే చాలు, చేతిలోకి వచ్చేస్తుంది. పువ్వు అడుగునున్న ఆకుపచ్చ దొప్ప మొక్కకే ఉండిపోతుంది, గింజ కట్టేది అందులోనే. బుడిపెలు ఎండేదాకా ఉంచండి.

మా గట్టుకి ఇక మందు కొట్టొద్దని నాన్నని ఒప్పించాను. పైయేడు సంక్రాంతికి ఊరొచ్చేటప్పుడు నాకు పిడికెడు గింజలు తేవాలి. మరిచిపోకు.

నీ
రాము