లూనా తొక్కినట్టే విమానం

హనుమకొండ

రాజిగా,

ఎట్లా ఉన్నావురా? పోయిన వారం నువ్వు ఫోన్ చేసినప్పుడు షెడ్డులో లేత్ నడుస్తోంది, నీ మాట ఒక్క ముక్క వినబడలేదు. అన్నిటికీ "ఆఁ ఆఁ" అన్నాను, దేనికి ఒప్పుకున్నానో దేవుడికే తెలియాలి. అందుకే రాత్రి తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. పొడుగైతే తిట్టుకోకు.

సంగతి మా అక్క కొడుకు చింటుగాడిది. నిట్‌లో మెకానికల్ చివరి ఏడాదికొచ్చాడు. చేతిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఉంది. దాన్ని వదిలేసి, హైదరాబాద్‌లో ఇంజిన్లు తయారుచేసే ఒక చిన్న స్టార్టప్‌లో సగం జీతానికి చేరతానంటున్నాడు. అక్కకు నిద్ర లేదు. "తమ్మీ, నీ మాటైతే ఇంటడు, జెర చెప్పరాదూ" అని రోజూ ఫోన్. సరే, వాణ్ని ఆపాలంటే వాడి తలకెక్కిందేమిటో ముందు నాకు తెలియాలి కదా. పది రోజులు అదే చదివాను. ఇప్పుడు నా పరిస్థితి ఏమిటో చివర్లో చెబుతా.

వాడు రోజూ జపం చేసే కంపెనీ మీ అట్లాంటాలోనే పుట్టింది. పేరు హెర్మియస్. 2018లో నలుగురు కలిసి మొదలుపెట్టారు. ధ్వని కన్నా ఐదు రెట్లు వేగంగా పోయే విమానం చేస్తారట. ఆ ఎత్తులో అది గంటకు 5,300 కిలోమీటర్ల పైమాట. నేను చాక్‌పీసుతో గోడ మీద లెక్క కట్టాను: మన వరంగల్ నుంచి హైదరాబాద్‌కు వంద సెకన్లు! ఆ తర్వాత ఉప్పల్ సిగ్నల్ దగ్గర గంటన్నర, అది వేరే విషయం.

ఇక ఇంజిన్ సంగతి విను, నీకు నచ్చుతుంది. అంత వేగానికి రామ్‌జెట్ అనేది కావాలి. దాంట్లో తిరిగే రెక్కలేమీ ఉండవు. ముందుకు దూసుకుపోయే వేగానికే గాలి లోపల ఒత్తుకుంటుంది, అందులో ఇంధనం మండుతుంది. చూడ్డానికి పొయ్యి గొట్టమంత సింపుల్. చిక్కల్లా ఏమిటంటే, నిలబడ్డ చోట అది ఎందుకూ పనికిరాదు. ముందు ఎవరో ఒకరు దాన్ని ఉరికించాలి.

మా నాన్న లూనా గుర్తుందా? పెడల్ తొక్కి తొక్కి, పిక్కలు పట్టేశాక, ఇంజిన్ "టుర్ర్" మని అందుకునేది. అప్పుడు కాళ్లు పైకెత్తి కూర్చునేవాళ్లం. వీళ్లదీ అచ్చం అదే పద్ధతి. ముందు మామూలు జెట్ ఇంజిన్ తొక్కుతుంది. వేగం పెరిగేకొద్దీ లోపలికొచ్చే గాలి వేడెక్కిపోతుంది కాబట్టి దాన్ని కాస్త చల్లబరిచి ఇస్తారు. ధ్వనికి మూడు రెట్ల దగ్గర జెట్‌ను పక్కకు తప్పించి, గాలినంతా రామ్‌జెట్‌కు మళ్లిస్తారు. 2022 నవంబరులో నేల మీద బిగించి ఈ మార్పిడి చేసి చూపించారు. అందులో వాడిన జెట్ ఏదో తెలుసా? జే85. 1950ల నాటి డిజైన్, ఎఫ్-5 ఫైటర్లలో ఉండేది. పాత ఇంజిన్ తెచ్చి కొత్త పని చేయించడం! మన షెడ్డు బుద్ధే. నాకు వాళ్ల మీద అభిమానం కలిగింది ఇక్కడే.

ఇంకోటి. అన్నీ కాగితం మీద తేల్చుకుని ఇరవై ఏళ్లకు ఒక విమానం చేయడం వాళ్ల పద్ధతి కాదు. ఏడాదికొకటి చేయాలి, ఎగరేయాలి, తప్పు తెలుసుకుని ఇంకోటి చేయాలి. క్వార్టర్‌హార్స్ మార్క్ 1 అనే వాళ్ల విమానం 2025 మేలో కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో ఎగిరింది. లోపల పైలట్ లేడు, నేల మీద నుంచే నడిపారు. వేగం మాత్రం అడగకు, ధ్వనిని దాటడం దాని పనే కాదు. లేవడం, దిగడం నేర్చుకోవడానికి చేసింది. పిల్లాడు ముందు గోడ పట్టుకుని నడవాలి కదా.

అసలు శత్రువు వేడి. ఐదు రెట్ల వేగంలో ఎదురొచ్చి ఆగిన గాలి దాదాపు వెయ్యి డిగ్రీలకు వేడెక్కుతుంది. ఎస్ఆర్-71 అని అమెరికా వాళ్ల పాత గూఢచారి విమానం ఒకటుండేది, 1974లోనే న్యూయార్క్ నుంచి లండన్‌కు గంటా 55 నిమిషాల్లో పోయింది. టైటానియం ఒళ్లు. పైన వేడికి సాగుతుందని అతుకుల్లో ముందే సందులు వదిలారట, అందుకని నేల మీద నిలబడితే ఇంధనం కారుతూ ఉండేది! ట్రాక్టర్ బేరింగ్‌ను నూనెలో కాచి షాఫ్ట్‌కు ఎక్కించే మనకు ఇది వేరే చెప్పాలా? వేడికి ఎంత పెరుగుతుందో తెలియనివాడు బిగువు కొలత తీయలేడు.

వేడి అంటే మన రామప్ప ఇటుకలు గుర్తొచ్చాయి. నీళ్ల మీద తేలేవి. బరువు తగ్గాలని లోపలంతా సన్న రంధ్రాలతో గుల్లగా కాల్చారు కదా. ఇలాంటి విమానాలు చేసేవాళ్లూ తేలికగా ఉండి వేడిని ఆపే పదార్థం కోసమే తల బద్దలుకొట్టుకుంటున్నారు. చింటుకు ఈ మాట చెబితే "మామా, కాకతీయులు విమానాలు చేశారని మాత్రం వాట్సాప్‌లో పెట్టకు" అన్నాడు వెధవ.

మన దగ్గరా ఈ పని జరుగుతోందిరా. 2020 సెప్టెంబరు 7న ఒడిశా తీరం నుంచి డీఆర్‌డీవో వదిలిన వాహనంలో స్క్రామ్‌జెట్ ఇరవై సెకన్ల పైన మండింది. అందులో గాలి లోపల కూడా ధ్వనిని మించిన వేగంతోనే పోతుంది, తుఫానులో అగ్గిపుల్ల ఆరకుండా పట్టుకున్నట్టు. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోనే నేల మీద వెయ్యి సెకన్ల పైగా మండించారు. ఇరవై ఎక్కడ, వెయ్యి ఎక్కడ!

ఇక డబ్బు విషయం, అక్క పక్షాన. హెర్మియస్ వాళ్లు ఇరవై మంది ప్యాసింజర్లతో న్యూయార్క్ నుంచి లండన్‌కు తొంభై నిమిషాలు అంటారు. నేనైతే నమ్మను, మన జన్మలో కాదు. కాంకార్డ్ ధ్వనికి రెండు రెట్లే పోయేది, ఖర్చు మోయలేక 2003లో ఆగిపోయింది. వీళ్లను మొదట్లో నిలబెట్టింది 2021లో అమెరికా వైమానిక దళం ఇచ్చిన 6 కోట్ల డాలర్ల కాంట్రాక్టు. యుద్ధ సామాను తర్వాతే టికెట్లు. ఇంగ్లండ్‌లో రియాక్షన్ ఇంజిన్స్ అని మరో కంపెనీ ఉండేది, 1989లో పెట్టారు. వెయ్యి డిగ్రీల గాలిని రెప్పపాటులో చల్లార్చే యంత్రం చేసి చూపించారు. అంత చేసీ 2024 చివర్లో డబ్బుల్లేక చేతులెత్తేశారు. ఇదంతా చింటుకు చెప్పాను. "మూతపడితే మూతపడనీ మామా, నేర్చుకున్న పని ఎక్కడికి పోతుంది?" అన్నాడు. నేను పాలిటెక్నిక్ అయ్యాక కరెంటాఫీసు ఉద్యోగం వద్దని లేత్ కొన్న రోజు నాన్నతో ఏమన్నానో అక్క వాడికి చెప్పినట్టుంది.

మామునూరు ఎయిర్‌పోర్టుకు మళ్లీ కదలిక వచ్చింది, 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది. 1981 నుంచి మూతపడ్డ నిజాం నాటి రన్‌వే మీద మనం సైకిల్ పందేలు వేసుకున్నాం, నువ్వు మోచేయి చెక్కుకుపోయి ఇంట్లో మెట్ల మీద పడ్డానని చెప్పావు. ఇంకోసారి వచ్చేటప్పటికి ఏమో, నేరుగా అక్కడే దిగుతావేమో.

సరే, నా పరిస్థితి చెబుతానన్నాను కదా. వాణ్ని ఆపడానికి పోయి పార్టీ మారాను. అక్క ముందు ఆ మాట అనే ధైర్యం లేదు. నువ్వంటే అక్కకు గురి, పైగా అమెరికా మాట. ఆదివారం పొద్దున ఆమెకు ఫోన్ చేసి, పిల్లాణ్ని రెండేళ్లు చూడనివ్వమని చెప్పు. నేను చెప్పమన్నానని మాత్రం పొరపాటున కూడా అనకు. సకినాలు పార్సిల్ చేయిస్తున్నా, చేసేది అక్కే కాబట్టి ఫోన్ మాత్రం పార్సిల్ బయలుదేరాకే చెయ్యి.

నీ
సదానందం