మంటను నీలంగా చేసి వెళ్లిన అన్నకు

హన్మకొండలో మా టిఫిన్ సెంటర్‌కు కొత్త టైల్స్ వేయించి మళ్లీ తెరిచిన మొదటి పొద్దు అది. జనం నిలబడి ఉన్నారు. దోశ పెనం కింద మంట పసుపుపచ్చగా లేచి మసి కడుతోంది, అంచులు వేడెక్కడం లేదు.

చాయ్ తాగుతున్న మీరు గ్లాసు పక్కన పెట్టి లోపలికి వచ్చారన్నా. ముందు 19 కిలోల సిలిండర్ వాల్వ్ కట్టేసి, బర్నర్ చల్లారనిచ్చారు. గ్యాస్ చిమ్మే జెట్ విప్పితే దాని సన్న రంధ్రంలోనూ, గాలి లోపలికి పోయే సందులోనూ టైల్స్ కోసిన దుమ్ము. మా పిల్లగాడు సూది ఇస్తే వద్దన్నారు. జెట్ ఇత్తడిది, ఉక్కు సూదితో రంధ్రం పెద్దదై గ్యాస్ ఎక్కువ వస్తుందని, మంట ఇక కుదరదని చెప్పి, వైరు ఒలిచి ఒక్క రాగి పోగుతో తీశారు. గాలి సందు మీది మూత కొద్దికొద్దిగా తిప్పుతూ మంట నీలమయ్యాకే బిగించారు.

అంతటితో వెళ్లిపోలేదు. ప్రతి జాయింటుకూ సబ్బు నురగ పూశారు. రెగ్యులేటర్ దగ్గర బుడగలు లేస్తే రబ్బరు వాషర్ మార్పించి, మళ్లీ నురగ పూసి చూశారు. ఆ లీకు మాకు తెలియనే తెలియదు.

పైసలు తీసుకోలేదు. తొలి దోశ మీకే పెడదామని చూస్తే, చాయ్ పైసలు గల్లా మీద పెట్టి వెళ్లిపోయారు. ఉల్లిగడ్డ దోశ, పల్లి చట్నీ మీకోసం ఉంటాయి, రా అన్నా.