నాలుగు ఫైనల్స్ ఓడిన జట్టును ఏ లెక్కన కొలవాలి?

సంపాదకులకు నమస్కారం.

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ దగ్గర పడిందంటే చాలు, క్రీడా పేజీల్లో ఒక జాబితా తప్పకుండా కనిపిస్తుంది. పదేపదే ఫైనల్ దాకా వచ్చి ఉత్త చేతులతో వెనుదిరిగిన జట్ల జాబితా అది. మిన్నెసోటా వైకింగ్స్ నాలుగుసార్లు, బఫెలో బిల్స్ నాలుగుసార్లు, 1980ల డెన్వర్ బ్రాంకోస్ మూడుసార్లు ఓడాయని రాసి, అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు. 'దురదృష్ట జట్లు' అనో, 'ఒత్తిడికి చేతులెత్తేసే జట్లు' అనో ఒక ముద్ర కొట్టేస్తారు. అమెరికన్ ఫుట్‌బాల్‌ను ఇష్టంగా చూసే పాఠకుడిగా ఈ పద్ధతి మీద నా అభ్యంతరం తెలియజేయాలనే ఈ ఉత్తరం. ఆ జట్లు ఓడిన మాట నిజమే. కానీ ఒక్కొక్కటి ఒక్కో కారణంతో ఓడింది. ఆ కారణం వదిలేసి ఓటములు మాత్రమే లెక్కపెడితే పాఠకుడికి ఆట గురించి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

ముందు వైకింగ్స్ సంగతి చూద్దాం. బడ్ గ్రాంట్ కోచ్‌గా ఉన్న ఆ జట్టు 1968 నుంచి 1978 వరకు పదకొండు సీజన్లలో పదిసార్లు తన డివిజన్‌లో (లీగ్‌లోని చిన్న గ్రూపులో) మొదటి స్థానంలో నిలిచింది. 1969 సీజన్‌లో పద్నాలుగు మ్యాచ్‌లు కలిపి ప్రత్యర్థులకు ఇచ్చింది 133 పాయింట్లే. అంటే మ్యాచ్‌కు పది కూడా లేవు. అలన్ పేజ్, కార్ల్ ఎల్లర్, జిమ్ మార్షల్, గ్యారీ లార్సెన్ - ఈ నలుగురి రక్షణ వరుసను దాటాలంటే ఎదుటి జట్లకు టెన్షన్. (ఈ అలన్ పేజ్ ఆట మానేశాక న్యాయశాస్త్రంలో స్థిరపడి, మిన్నెసోటా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. ఈ సంగతి కూడా అప్పుడప్పుడు మన పేజీల్లో రావాలి.)

అంతటి జట్టు నాలుగు సూపర్ బౌల్స్‌లోనూ మొదటి సగంలో ఒక్క పాయింటు కూడా చేయలేకపోయింది. 1970 జనవరిలో కాన్సస్ సిటీ చీఫ్స్ మీద 23-7, 1974లో మయామీ డాల్ఫిన్స్ మీద 24-7, 1975లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ మీద 16-6, 1977లో ఓక్లాండ్ రైడర్స్ మీద 32-14 తేడాతో ఓడింది. నాలుగుసార్లూ ఇలా జరిగితే అదృష్టం బాగాలేదని సరిపెట్టుకోవడం కుదరదు. ఆ మ్యాచ్‌ల వివరాల్లోకి వెళ్తే విషయం తెలిసిపోతుంది. 1974లో డాల్ఫిన్స్ క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపిస్తూ పాస్‌లు విసిరే ఆటగాడు) బాబ్ గ్రీసీ మొత్తం మ్యాచ్‌లో ఏడు పాస్‌లు మాత్రమే విసిరాడు. అంతకు మించి అవసరం రాలేదు. లారీ జోంకా బంతి పట్టుకుని మధ్యలోంచి దూసుకుపోతూ 145 గజాలు సాధించాడు. మరుసటి ఏడాది స్టీలర్స్ తరఫున ఫ్రాంకో హారిస్ 158 గజాలు పరుగెత్తాడు. అదే మ్యాచ్‌లో వైకింగ్స్ జట్టంతా కలిసి పరుగెత్తింది 17 గజాలు. 1977లో రైడర్స్ పరుగుల మీదే 266 గజాలు సంపాదించింది. వైకింగ్స్ ముందు వరుసకు చురుకుదనం పెద్ద బలం. బరువైన లైన్ పెట్టుకుని నేరుగా మీదికి వచ్చే జట్టు ఎదురైతే ఆ చురుకుదనం పనిచేయలేదని నా అభిప్రాయం. ఇది ఆటకు సంబంధించిన లోపం. గుండె ధైర్యం లేకపోవడం కాదు.

బిల్స్ కథ వేరు. నా మనసు ఎక్కువగా నొచ్చుకునేది కూడా ఈ జట్టు విషయంలోనే. 1990 నుంచి 1993 వరకు వరుసగా నాలుగు సీజన్లు సూపర్ బౌల్ చేరిన జట్టు లీగ్ చరిత్రలో ఇదొక్కటే. తర్వాతి కాలంలో పేట్రియాట్స్, చీఫ్స్ వరుసగా మూడింటి దగ్గరే ఆగాయి. మార్వ్ లెవీ కోచ్‌గా, జిమ్ కెల్లీ క్వార్టర్‌బ్యాక్‌గా ఆ జట్టు ఒక ప్లేకీ మరో ప్లేకీ మధ్య గుంపుగా చేరి మాట్లాడుకోకుండా, ఎదుటివాళ్లకు ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇవ్వకుండా ఆడేది. ఆ నాలుగు సీజన్లలో లీగ్ దశలో 49 గెలుపులు, 15 ఓటములు.

మొదటి ఫైనల్, అంటే 1990 సీజన్‌ది, 1991 జనవరి 27న టాంపాలో, న్యూయార్క్ జెయింట్స్‌తో. ఆ మ్యాచ్ గురించి ఎవరు రాసినా చివరి కిక్ దగ్గరే మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు. ఎనిమిది సెకన్లు మిగిలుండగా బిల్స్ కిక్కర్ స్కాట్ నార్‌వుడ్ గోల్ స్తంభాల మధ్యకు పంపితే గెలిపించేలా 47 గజాల నుంచి కొట్టిన బంతి కుడి స్తంభం బయటినుంచి పోయింది, 20-19తో జెయింట్స్ గెలిచింది. ఇంతవరకు నిజం. కానీ మిగతా 59 నిమిషాల్లో ఏం జరిగింది? జెయింట్స్ ఆ రోజు 40 నిమిషాల 33 సెకన్లు బంతిని తన దగ్గరే అట్టిపెట్టుకుంది. రెండో సగం మొదట్లో ఒక్క దాడినే తొమ్మిదిన్నర నిమిషాల పాటు సాగదీసి టచ్‌డౌన్ చేసింది, అంటే బంతిని గోల్ గీత దాటించింది. మెరుపులా ఆడే జట్టును ఓడించడానికి దాన్ని మైదానం బయట కూర్చోబెట్టడమే మార్గమని కోచ్ బిల్ పార్సెల్స్ నడిపిన జెయింట్స్ జట్టు కనిపెట్టింది, అమలు చేసింది. బిల్స్ చేతికి బంతి వచ్చింది 20 నిమిషాల లోపే. ఆ కాస్త వ్యవధిలోనే థర్మన్ థామస్ 135 గజాలు పరుగెత్తాడు, జట్టును ఒక్క పాయింటు తేడా దాకా తెచ్చాడు. ఇంత జరిగాక ఓటమి భారమంతా ఒక్క కిక్కర్ మీద వేయడం అన్యాయం. ఆ సంగతి బఫెలో జనానికి తెలుసు. మర్నాడు నయాగరా స్క్వేర్‌లో వేలాది మంది చేరి, నార్‌వుడ్ మైకు ముందుకు రావాలని పేరు పెట్టి పిలిచారు. ఓడిన జట్టు అభిమానులకు ఉన్న ఆ విచక్షణ రాసేవాళ్లకు ఎందుకు ఉండకూడదు?

తర్వాతి మూడూ ఒక్క కిక్‌తో పోయినవి కావు. 1992లో వాషింగ్టన్ మీద 37-24, 1993లో డాలస్ కౌబాయ్స్ మీద 52-17, 1994లో మళ్లీ డాలస్ మీద 30-13. వీటికీ దురదృష్టం అనే మాట వాడితే గెలిచిన జట్లను చిన్నచూపు చూసినట్టే. 1993 ఫైనల్లో బిల్స్ తొమ్మిదిసార్లు బంతిని ఎదుటి జట్టుకు పోగొట్టుకుంది. అలా పోగొట్టుకున్న ఏ జట్టూ గెలవదు. అదే మ్యాచ్ చివర్లో డాలస్ ఆటగాడు లియాన్ లెట్ చేజిక్కిన బంతితో గోల్ గీత వైపు పరుగెత్తాడు. ఇక ఎవరూ రారని గీత ముందు వేగం తగ్గించాడు. వెనకనుంచి మైదానం పొడవునా తరుముకొచ్చిన డాన్ బీబీ సరిగ్గా అక్కడ అతని చేతిలోంచి బంతిని కొట్టేశాడు. అప్పటికి స్కోరు 52-17. ఆ పరుగు వల్ల ఫలితం మారదని బీబీకి తెలుసు. ఒత్తిడికి లొంగిపోయిన జట్టు అని రాసేవాళ్లు ఆ పరుగు ఒక్కసారి చూడాలి. ఆ ఫైనల్‌కు రావడానికి ముందు ఇదే జట్టు హ్యూస్టన్ ఆయిలర్స్ మీద 3-35తో వెనకబడి, కెల్లీ గాయంతో కూర్చుంటే ఫ్రాంక్ రైక్ నడిపించగా, అదనపు సమయంలో 41-38తో గెలిచింది.

ఇంకో సంగతి కూడా పట్టించుకోవాలి. లీగ్‌లో ఎన్ఎఫ్‌సీ, ఏఎఫ్‌సీ అని రెండు విభాగాలు, వాటి విజేతలే సూపర్ బౌల్‌లో తలపడతాయి. 1985 నుంచి 1997 వరకు జరిగిన పదమూడు సూపర్ బౌల్స్‌నూ ఎన్ఎఫ్‌సీ జట్లే గెలిచాయి. బిల్స్, బ్రాంకోస్ రెండూ ఏఎఫ్‌సీ వైపువి. జెయింట్స్, వాషింగ్టన్, డాలస్, శాన్‌ఫ్రాన్సిస్కో జట్లు రాజ్యమేలుతున్న రోజుల్లో ఈ రెండూ ఫైనల్స్ ఆడాయి. ఎన్ఎఫ్‌సీకి చెందిన వైకింగ్స్ కాలంలో గాలి ఏఎఫ్‌సీ వైపు ఉంది. డాల్ఫిన్స్, స్టీలర్స్, రైడర్స్ మూడూ ఏఎఫ్‌సీవే. పోల్చేటప్పుడు ఎదురుగా ఎవరున్నారో చెప్పకపోతే ఆ పోలికకు అర్థం లేదు.

బ్రాంకోస్ గురించి క్లుప్తంగానే చెబుతాను. క్వార్టర్‌బ్యాక్ జాన్ ఎల్వే నాలుగేళ్లలో మూడుసార్లు జట్టును ఫైనల్‌కు తెచ్చాడు. 39-20, 42-10, 55-10 తేడాలతో మూడూ పోయాయి. పెద్ద మ్యాచ్‌లో గెలవలేడని ఎల్వేకు పేరు పడిపోయింది. 1998 జనవరిలో 37 ఏళ్ల వయసులో అదే ఎల్వే గ్రీన్ బే ప్యాకర్స్ మీద 31-24తో గెలిచాడు. ఆ రోజు ఎల్వే పాస్‌ల ద్వారా సాధించింది 123 గజాలే. పని పూర్తిచేసింది 157 గజాలు పరుగెత్తి మూడు టచ్‌డౌన్లు చేసిన టెరెల్ డేవిస్. మనిషి మారలేదు, చుట్టూ ఉన్న జట్టు మారింది. మరుసటి ఏడాది అట్లాంటా మీద ఇంకోటి గెలిచి ఎల్వే విరమించాడు. మొదటి మూడు ఓటములప్పుడు ఆయన వ్యక్తిత్వం మీద రాసినదంతా ఏమైనట్టు?

నన్ను అడిగితే ఈ మూడింటిలో బిల్స్‌కే పైచేయి ఇస్తాను. ఒకసారి ఫైనల్ ఓడిన జట్టు మరుసటి సీజన్ మొదటి మ్యాచ్ నుంచి మళ్లీ ఎక్కిరావడం ఎంత కష్టమో లీగ్ చరిత్రే చెబుతోంది. అప్పటి 28 జట్ల లీగ్‌లో బిల్స్ అలా మూడుసార్లు లేచి వచ్చింది. ప్లేఆఫ్స్ (లీగ్ దశ తర్వాతి నాకౌట్ మ్యాచ్‌లు) గడప కూడా తొక్కని జట్లను ఎవరూ ఎగతాళి చేయరు. అందరికంటే దూరం వచ్చి ఓడినదాన్నే చేస్తారు. ఇది మారాలి. వైకింగ్స్‌కే ఓటు వేసే పాఠకులు ఉండొచ్చు, వాళ్ల వాదనకూ బలం ఉంది. ఆ చర్చకు మీ పేజీలో చోటివ్వమనే కోరుతున్నాను.

ఒక చిన్న మనవి. ఈసారి సూపర్ బౌల్ ఓడిన జట్టు గురించి వార్త వేసేటప్పుడు స్కోరు కింద మూడు వరుసలు అదనంగా అచ్చువేయండి: ఆ సీజన్‌లో జట్టు గెలుపోటములు, ఫైనల్లో బంతి ఎవరి దగ్గర ఎంతసేపు ఉంది, ఎవరు ఎన్నిసార్లు పోగొట్టుకున్నారు. పేరు పెట్టే పని పాఠకులకు వదిలేయండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు