యాభై నిమిషాల బోర్డు కింద

ఒరేయ్,

రేసు ఎలా జరిగిందని నువ్వు అడిగితే "అయిందిలే" అని రెండు ముక్కలు పెట్టి ఊరుకున్నాను కదా. అప్పుడు చుట్టూ జనం, పైగా నిజం చెప్పే ఓపిక లేదు. ఇప్పుడు తీరిగ్గా కూర్చున్నాను, చెబుతా విను. 58 నిమిషాల 37 సెకన్లు. హాఫ్ మారథాన్ కాదురా, పది కిలోమీటర్లే! ఒకప్పుడు 48లో ముగించి, ఇంకా రెండు నిమిషాలు తగ్గాలని ఏడ్చిన మనిషినే నేను.

మడమ వెనక టెండన్, అదే పిక్కని మడమకి కలిపే గట్టి పట్టీ, పట్టేసి ఐదు నెలలు కూర్చున్నానని నీకు తెలుసు. మళ్లీ మొదలుపెట్టిన రోజు సంగతి మాత్రం సిగ్గేసి నీకు చెప్పలేదు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, అలా ఎనిమిది సార్లు. కుక్కను తిప్పుకుంటున్న ఒకావిడ నేను నడిచినప్పుడల్లా నన్ను దాటేది, పరిగెత్తినప్పుడల్లా నేను ఆవిడని దాటేవాణ్ణి. మూడోసారికి కుక్క కూడా నా వంక విసుగ్గా చూసింది.

ఊపిరి త్వరగానే దారికొచ్చింది, చిక్కంతా అక్కడే. ఖాళీగా ఉన్నప్పుడు పాత ప్రయోగం ఒకటి చదివాను, 1984లో వచ్చింది. బాగా తర్ఫీదైన ఏడుగురిని 84 రోజులు సాధన మాన్పించి చూశారు. శరీరం ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ శక్తి మొదటి మూడు వారాల్లోనే 7 శాతం తగ్గింది, ఎనిమిది వారాలకి 16 శాతం దాకా పోయింది. గుండె ఒక్కో దెబ్బకి పంపే రక్తం తగ్గడమే మొదట్లో కారణమట. మళ్లీ పరుగు మొదలెడితే ఆ ఆయాసం కొన్ని వారాల్లోనే తగ్గడం మొదలవుతుంది. మడమ వెనక టెండన్‌కి మాత్రం రక్తం అందేదే తక్కువ, అందుకే అది నింపాదిగా కోలుకుంటుంది. గుండె పోదాం పదమంటుంది, మడమ ఆగమంటుంది. మనం ఎప్పుడూ గుండె మాటే వింటాం, అదే మన రోగం.

దానికి తోడు నువ్వొకడివి. బ్రిటన్ మారథాన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్ 2007 జనవరిలో బిడ్డను కని, అదే ఏడు నవంబరులో న్యూయార్క్ మారథాన్ గెలిచిందని చెప్పి నన్ను ఎగదోశావు. కడుపుతో ఉండగా కూడా ఆవిడ పరుగు మానలేదన్న ముక్క మాత్రం మింగేశావు! నేనేమో ఐదు నెలలూ సోఫాకి అతుక్కుపోయినవాణ్ణి.

సరే, రేసు రోజు. నంబరు కాగితం చొక్కాకి పెట్టుకుంటుంటే పిన్నీసు వేలికి గుచ్చుకుని, 7 అంకె మీద చిన్న రక్తపు చుక్క పడింది. చేతులు అంతలా వణికాయి. స్టార్ట్ దగ్గర ఏ టైమ్ వాళ్లు ఎక్కడ నిలబడాలో బోర్డులు పెట్టారు. నా కాళ్లు వాటంతట అవే '50 నిమిషాలు' అన్న బోర్డు కిందకి పోయాయి. అక్కడ నిలబడ్డ నా ముఖం నువ్వు చూడాలి, ఏమీ ఎరగనట్టు. వెనకాల '60' బోర్డు కనిపిస్తూనే ఉంది, కానీ చూడలేదనుకున్నాను.

మొదటి కిలోమీటరు 4:52. అబ్బ, ఎంత హాయిగా ఉందో! ఒళ్లు ఏదీ మర్చిపోలేదనుకున్నాను. రెండోది 5:05. మూడోది 5:30, అప్పటికే నోరు తెరుచుకుంది. నాలుగో కిలోమీటర్లో వెనక నుంచి అడుగుల చప్పుడు, టక్ టక్ టక్, గడియారంలా. తెల్లజుట్టు పెద్దాయన. ఎడమ కాలి సాక్సు జారి బూటులోకి పోతోంది, ఆయనకి పట్టలేదు. నన్ను దాటాక కూడా ఆ చప్పుడు వేగం మారలేదు. అలా చాలాసేపు వినబడుతూ వినబడుతూ పోయింది. వెంట పడదామనుకున్నాను కానీ, పిక్కలు ఒప్పుకోలేదు.

నీళ్ల దగ్గర పాత కిటుకు గుర్తొచ్చింది, కప్పు అంచు నొక్కి మూల నుంచి తాగడం. నొక్కాను. నీళ్లన్నీ ముక్కులోకి. నిలబడి దగ్గుతుంటే నీళ్లిచ్చే కుర్రాడు నా వీపు నిమిరాడు. ఏడో కిలోమీటరు దగ్గర ఎత్తు వచ్చింది, నడిచాను. అవునురా, నడిచాను. ముప్ఫై అడుగులేమో. మడమ దగ్గర చురుక్కుమంది, పరువు కన్నా అదే ముఖ్యమనిపించింది. నువ్వు నమ్మవు గానీ, నడిచిన తర్వాతే పరుగు బాగుపడింది. ఎవరితోనూ పోటీ లేదు, వాచీ వంక చూడలేదు, చివరి రెండు కిలోమీటర్లూ పక్కనున్న అమ్మాయితో కబుర్లాడుతూ వచ్చాను. ఆమెకిది మొదటి రేసట. "మీకు?" అంది. "నాకూ దాదాపు అంతే" అన్నాను.

లైను దాటాక వాచీ 10.14 కిలోమీటర్లు చూపించింది. చూశావా, దారి ఎక్కువ కొలిచారని గొడవ పెట్టుకోవచ్చు అనిపించింది ఒక క్షణం. కానీ మనం మాట్లాడుకున్నదే కదా: కొలిచేవాళ్లు సైకిలు మీద మలుపుల్లో అంచు వెంబడే, అతి దగ్గర దారిలో కొలుస్తారు. పైగా దూరం తగ్గకూడదని వెయ్యికి ఒక మీటరు కలుపుతారు. మిగతాదంతా నేను అడ్డదిడ్డంగా పరిగెత్తిందీ, వాచీ తప్పూను.

మర్నాడు మెట్లు పక్కవాటుగా దిగాను, పీతలా. మడమ మాత్రం ఏమీ అనలేదు. రెండు రోజులు వేచి చూశాను, అప్పటికీ ఏమీ అనలేదు.

వచ్చే రేసుకి నిన్న రాత్రే పేరు ఇచ్చేశాను. 'మీరు అనుకుంటున్న సమయం' అన్న గడిలో 48 అని కొట్టాను, చెరిపాను. 55 అని కొట్టాను, చెరిపాను. చివరికి 60 వేశాను. నీ పేరూ రాశానురా, తిట్టుకో. నీ గడి ఇంకా ఖాళీగానే ఉంది, ఎంతని వేయమంటావు?

నీ
కుంటి గుర్రం