పిల్లి కూనలను ఇంట్లో ఉంచుకుంటామన్నవారికి

అందరికీ నమస్కారం. కూన కనబడగానే ఎత్తుకురాకండి. తల్లి తిండి కోసం వెళ్లి ఉండొచ్చు, కాసేపు దూరం నుంచి గమనించండి. వానలో తడుస్తుంటేనో, ఒళ్లు చల్లబడితేనో మాత్రం వెంటనే తీయండి.

చల్లబడ్డ కూనకు పాలు పట్టొద్దు, అరగక ప్రాణం మీదికొస్తుంది. వేడినీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి పక్కన పెట్టి, ముందు ఒళ్లు వెచ్చబడనివ్వండి. ఆవుపాలు, గేదెపాలు వద్దు, విరేచనాలు పట్టుకుంటాయి. పిల్లి కూనల పాలపొడే కలపండి. రెండు వారాల లోపువాటికి రెండు మూడు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా. బోర్లా ఉంచి పట్టాలి. వెల్లకిలా అయితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పట్టిన ప్రతిసారీ తడి దూదితో కింద మెల్లగా తుడవండి, లేకపోతే మూత్రం రాదు. మూడు వారాలు దాటేదాకా ఇది తప్పదు. కాటా మీద రోజూ తూచండి, 10–15 గ్రాములు పెరగాలి. ఒక్కరోజు తగ్గినా డాక్టరుకు చూపించండి.

ఇంట్లో పిల్లులుంటే కూనలకు 14 రోజులు వేరే గది. పార్వో అనే వైరస్ జబ్బు తేలిగ్గా అంటుకుంటుంది, బట్టల మీదా వస్తుంది. నేలకు ఫినాయిల్, డెట్టాల్ వద్దు, అవి పిల్లులకు విషం. ఒక వంతు బ్లీచ్‌కు 32 వంతుల నీళ్లు చాలు, ఆరాకే కూనలను వదలండి. కూనలకు పారాసిటమాల్ అస్సలు వేయొద్దు.

కూనలను ఉంచడానికి గది ఖాళీగా ఉన్నవాళ్లు దయచేసి సాయంత్రంలోపు ఇక్కడ చెప్పండి.